కుండలో కొర్రమట్ట

ఇప్పుడు చేప కావాలంటే సంచి పట్టుకుని బజారుకు పోతున్నాం గానీ, నేను లంగా ఎగ్గట్టి పొలం పనికి పోయే రోజుల్లో చేపలే మా దగ్గరికి వచ్చేవి. బోధన్ చుట్టుపక్కల చెరుకు తోటలకు కాలువ వదిలినప్పుడల్లా మంజీర నీళ్లతో పాటు అవీ సాళ్లలోకి జొరబడేవి. గాలం లేదు, వల లేదు. కలుపు తీసే చేతికి గడ్డి తగులుతుందో చేప తగులుతుందో ఎవరికీ తెలియదు. (యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ముచ్చట వరుస తప్పితే మీరే సర్దుకోండి.)

ఆ ఏడు మా అక్క తొలిచూలు. వేవిళ్లతో ఏం తిన్నా కడుపులో నిలవక, పుట్టింటికి వచ్చేసరికి చెరుకు పిప్పిలా అయింది. గంజి వద్దంది, రొట్టె వద్దంది. నోరు తెరిచి అడిగింది ఒక్కటే, కొర్రమట్ట పులుసు (పట్నంలో దాన్ని కొరమీను అంటారు). అవ్వ (మా వైపు తల్లిని అట్లాగే పిలుస్తాం), నేను కలుపుకు పోయే తోటలో అవి బాగానే పడేవి. చిక్కల్లా ఆ తోట పటేలుతోనే. ఒకప్పుడు చేప పులుసు వాసన పక్క ఊరి నుంచైనా పసిగట్టే మనిషి, పండరికి పోయి తులసిమాల వేసుకుని నీసు మానేశాడు. తాను మానితే సరే, తోటలో దొరికిన ఏ ప్రాణాన్నయినా తిరిగి కాలువలో వదలాల్సిందేనని అందరికీ ఆజ్ఞ పెట్టాడు.

ఒక పొద్దున సాలులో నా కాలి కింద ఏదో జర్రున జారింది. మీద పడి రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. మూరెడు కొర్రమట్ట, నల్లగా నిగనిగలాడుతోంది. ఎక్కడ దాచాలి? అవ్వ అటూ ఇటూ చూసి, మేం తాగే నీళ్ల కుండలో వేసి మీద చిప్ప మూసింది. సరిగ్గా అప్పుడే పటేలు గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు.

"పిల్లా, జెర్రన్ని నీళ్లు పొయ్యి."

"నీళ్లొడిసినయి పటేలా, ఉత్త కుండనే."

కుండలో దబ్బున చప్పుడైంది.

"ఒడిసినయా? మరి గా సప్పుడేందే?"

"కప్ప పటేలా!"

"కప్ప వడ్డ నీళ్లు తాగుతున్నరానే మీరు!" అంటూ చిప్ప తీశాడు. తీసినవాడు మళ్లీ మూయలేదు. కోపం వస్తుందని నేను కళ్లు మూసుకుంటే, ఎంతకీ రాలేదు. కన్ను తెరిచి చూస్తే ఆయన గుటకలు మింగుతున్నాడు.

అవ్వ చేతులు జోడించింది. "పెద్దపిల్ల కడుపుతోని ఉన్నది పటేలా. గిదొక్కటే అడిగింది."

ఆయన మాల సవరించుకున్నాడు. "తోటల దొరికితే ఇడవాలన్న. కుండల దొరికినదాని ముచ్చట నేనెన్నడు జెప్పలే గద." తర్వాత నా వైపు తిరిగి, "పులుసు సిక్కగ పెట్టొద్దని మీ అవ్వకు జెప్పు. మెంతులు జెర్రంతనే. తలకాయ పారేయొద్దు" అన్నాడు, పక్కనే ఉన్న మా అవ్వ ఇంకో ఊళ్లో ఉన్నట్టు. "రేపొచ్చి ఎట్లుండెనో నాకు జెప్పాలె. ఒట్టు నా నోటికే, సెవులకు గాదు."

ఆ సాయంత్రం అక్క తింది. తిన్నది నిలిచింది. గిన్నె ఊడ్చి, వేళ్లు నాకి, "నువ్వు తిన్నవానే?" అని అడిగింది. "తిన్ననక్కా" అన్నాను. తలకాయ, మిగిలిన రెండు ముక్కలు అవ్వ పొద్దుటికి అక్క కోసమే దాచింది. అక్కను చూస్తేనే నా కడుపు నిండిందని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. నోరూరి చచ్చాను.

మర్నాడు పటేలు గట్టు మీద కూర్చుని, కథ వినేవాడిలా కళ్లు మూసుకున్నాడు. ఇక నా నోటికి అడ్డులేదు. పులుసు ఎట్లా మరిగిందో, వాసనకు పక్కింటివాళ్లు ఎట్లా తొంగిచూశారో, ముక్క వెన్నలా ఎట్లా కరిగిందో చెప్పుకుంటూ పోయాను. ఆయన తల ఊగుతోంది. ఆ ఊపులో, "ముండ్లు ఏరుకుంట ఏరుకుంట పొద్దువోయేదాక తిన్న పటేలా!" అన్నాను.

కళ్లు తెరిచాడు. "కొర్రమట్టకు ముండ్లు యాడియే? నడుమ ఒక్క ఎన్నుబొక్కనే గద. నువ్వు తినలే."

తల దించుకున్నాను. "అక్క తిన్నది పటేలా."

"కడుపు నిండ తిన్నదా?"

"గిన్నె గూడ నాకింది."

"మరి గది జెప్పక, గిదంత ఏందే?" అన్నాడు. చెప్పాను. గిన్నె నాకిన సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మళ్లీ తోటకు నీళ్లు వదిలిన రోజు, ఆయన పొద్దున్నే పంచె ఎగ్గట్టి సాళ్ల వెంట తిరుగుతున్నాడు. ఉన్నట్టుండి ఒక మూల నుంచి కేక పెట్టాడు. "పిల్లా, గీడ కప్పొచ్చింది సూడు! పట్కపో!" పరుగెత్తుకుపోయాను. నేను దాన్ని పట్టేదాకా ఆయన ఆకాశం వైపు చూస్తూ విఠల నామం చెప్పుకున్నాడు. ఆ రాత్రి అవ్వ మొదటి ముక్క నాకే వేసింది.

తెల్లారి ఆయన గట్టు మీద తయారుగా ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. తినకుండానే అంత చెప్పినదాన్ని, తిన్నాక ఒక్క మాటా అందలేదు.

"మస్తుండె పటేలా."

"గంతేనా?"

"గంతే."

ఆయన కళ్లు మూసుకుని ఒక గుటక మింగాడు. తర్వాత నోరు తుడుచుకున్నాడు. "ఆఁ... ఇప్పుడు తిన్నవ్" అన్నాడు.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఆదివారం ఆదివారం మా కోడలు చేపలు వండుతుంది. "ఎట్లుందత్తా?" అని అడిగితే, కూర కుదిరిన రోజు నా నోట మాట రాదు. ఏదైనా తేడా ఉంటే పులుపు గురించి, ఘుమఘుమల గురించి చేతులు తిప్పుతూ పొగుడుతాను. మొన్న అట్లాగే మొదలుపెట్టానో లేదో, కోడలుపిల్ల తెలివైంది, లేచిపోయి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.