తల చెప్పిన సరే

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని బజారులో అందరూ ‘సరే మామ’ అనేవారు. ఎవరేమడిగినా ఆయన తల మెల్లగా కిందికీ పైకీ ఊగేది. “సాయంత్రానికి ఇచ్చేస్తావా మామా?” అంటే ఊగేది. “ఇది చిన్న పనే కదా, ఊరికే చూసిపెట్టు” అన్నా ఊగేది.

“గంగిరెద్దుకైనా సన్నాయి ఊదాలి. మన మామకి అదీ అక్కర్లేదు,” అని పక్క కొట్టు టైలరు నవ్వేవాడు.

ఆయన చేతిలో పని ఉంటే నోటికి సెలవు. మిషను చక్రం ఒక్కసారి తిప్పి, చెవి ఆనించి, తప్పెక్కడుందో పట్టుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడింట్లో ముందు గదిలో ఉండేవాడు. ఒకరోజు తమ్ముడు నేలచూపులు చూస్తూ, “అన్నయ్యా, ఇల్లు ఇరుకైపోయింది. నువ్వు కొట్టు వెనక గదిలో ఉంటే నీకూ హాయి కదా?” అన్నాడు. ఈయన గొంతు సవరించుకునేలోపే తల ఊగింది.

“నువ్వు కాదనవని తెలుసు,” అన్నాడు తమ్ముడు, బరువు దిగినట్టు. మధ్యాహ్నానికల్లా మంచం కొట్టు వెనక్కి చేరింది.

అక్కడ మనిషి అలికిడి లేదు. గోడవతల నీళ్ల మోటారు మోగితే అదే తోడు. పడుకుంటే గుండె దడదడలాడేది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎవరికి చెప్పాలో తెలీక, వయసు కదా అని సరిపెట్టుకున్నాడు.

ఒకనాడు ఒక డాక్టరమ్మ తన తల్లి మిషను పట్టుకొచ్చింది. ఆయన షటిల్ విప్పి, ఇరుక్కున్న దారప్పోగు లాగుతున్నాడు. ఎవరూ మాట్లాడటం లేదు. తల మాత్రం ఊగుతూనే ఉంది.

“ఎవరికి సరే అంటున్నారు బాబాయ్?”

“ఎవరికీ కాదమ్మా. దానంతటదే ఊగుతుంది.”

ఆమె ఆయన మెడ వైపు చూసింది. కాలరు పక్కన నరం ఎగిరెగిరి పడుతోంది, తల దానితోనే అడుగు కలుపుతోంది. నూనె మరకల వేలు పట్టుకుని గోటి కొనను సుతారంగా నొక్కింది. గోరు కింద ఎరుపు వచ్చిపోతూ ఉంది. చెయ్యి పైకెత్తి మణికట్టు పట్టుకుంది. నాడి సుత్తిదెబ్బలా కొట్టి చప్పున జారిపోతోంది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. తన చెయ్యి ఇంకొకరి చేతిలో ఉండి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయి మానేశాడు.

ఆమె అనుమానించిందే ఆసుపత్రిలో స్కానూ చెప్పింది.

“గుండెలో వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు. బయటికెళ్లిన రక్తం వెనక్కొస్తోంది. ఆ కుదుపుకే తల ఊగుతోంది. వదిలేస్తే గుండె అలిసిపోతుంది. ఆపరేషన్ చేసి వాల్వు మార్చాలి. ఒప్పుకుంటారా?”

తల ఊగింది. డాక్టరమ్మ కలం తీయలేదు.

“అది గుండె చెప్పే మాట బాబాయ్. నాకు మీ మాట కావాలి. నోటితో చెప్పండి.”

ఆయన మాట కోసం ఇంతవరకూ ఎవరూ ఇలా ఆగలేదు.

“చెయ్యండమ్మా,” అన్నాడు చివరికి.

ఆపరేషన్ అయిన వారానికి తమ్ముడు ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. కిటికీ వైపు చూస్తూ, “ఇకమీదట ఒక్కడివే ఎలా ఉంటావు? ఇంటికొచ్చేస్తావా అన్నయ్యా?” అన్నాడు.

తల కదలలేదు.

తమ్ముడు కాసేపు చూశాడు. “సరేలే, నీ ఇష్టం. అక్కడే అలవాటైనట్టుంది,” అని లేచి గుమ్మం దాకా వెళ్లాడు.

“ఒరేయ్, ఆగు.”

తమ్ముడు వెనక్కి తిరిగాడు.

“నన్ను కొట్టుకి పొమ్మన్నప్పుడు నేను ఒప్పుకోలేదురా.”

తమ్ముడు ఫ్లాస్కుతో అక్కడే నిలబడి చాలాసేపు అన్నయ్య తలనే చూశాడు. అది కదలలేదు.