బస్సు వెళ్ళిపోయాక వినిపించిన కీచు

ఇది ఎప్పుడో రాయవలసింది. కానీ నాకు అక్షరాలు వచ్చిందే అరవై దాటాక, మనవరాలి పలక మీద. వచ్చాక కూడా మా ఆయన బతికున్నన్నాళ్ళూ రాయలేదు. ఇది రాస్తే ఆయన చెవుల సంగతి కూడా రాయాలి. అది ఆయనకు ఇష్టం లేదు. ఇప్పుడు ఆయన లేడు.

దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. మా అత్త, మా ఆయన నడిపే బస్సు ముందు నిమ్మకాయలు కడుతుంటే, నేను చక్రాల నట్లు బిగించారో లేదో చూసుకునేదాన్ని.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. బస్సు వెనకాల పీపాలాంటి పొయ్యి ఉండేది. అందులో బొగ్గు రాజేసి, చేత్తో ఫ్యాను తిప్పి గ్యాసు పుట్టిస్తే గాని ఇంజను కదలదు. మా ఆయన చిత్తూరు నుంచి తిరుపతికి బస్సు నడిపేవాడు. బస్సు యజమానిని అందరూ మొదలాళి అనేవాళ్ళు. మొదలాళి బస్సు షెడ్డు పక్క గదిలోనే మా కాపురం. అందుకని పొద్దున్నే పొయ్యి రాజేసే పని నాది. అరగంట ఫ్యాను తిప్పితే భుజాలు పడిపోయేవి. ఆ తర్వాత వంట. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అలసటే.

అలా గడిచిన రెండేళ్ళలోనే మా ఆయనకు చెవులు పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి చెప్తే తప్ప వినపడదు. మొదలాళికి తెలిస్తే ఉద్యోగం పోతుంది, గదీ పోతుంది. విజిల్ వేస్తే తలనొప్పి అని చెప్పి, కండక్టరును రేకు మీద చేత్తో కొట్టమనేవాడు. ఆ అదురు సీటులో తెలిసేది. బండిలో ఏ శబ్దం వచ్చినా వినేది నేనే. చింతకర్ర ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే లోపల ఏది అరుస్తుందో తెలుస్తుందని ఆయనే నేర్పాడు. నేను విని చెప్తే ఆయన విప్పేవాడు. ఒక్కసారి కూడా నేను తప్పు చెప్పలేదు.

ఒక మంగళవారం సాయంకాలం బస్సు దిగుతూనే అడిగాడు. "మే, కుడిపక్క ఎనక చక్రం కీచుమంటాండాది. ఇనపడలా నీకు?"

హారను వినపడని మనిషికి కీచు వినపడిందని ముందు సంతోషమేసింది. కానీ నాకు ఏమీ వినపడలేదు. జాకీ వేసి చక్రం లేపి తిప్పాం. ఇరుసు దగ్గర కర్ర పెట్టి విన్నాను. బేరింగు నున్నగా తిరుగుతోంది. డ్రమ్ము విప్పి దుమ్ము తుడిచాం, గ్రీజు పెట్టాం. ఎక్కడా లోపం లేదు.

ఎట్లా వస్తుందని అడిగాను.

"రెండుసార్లు పొడుగ్గా వస్తాది. మూడోసారి ఎవురో గొంతు పట్టుకున్నెట్ల సగంలో ఆగిపోతాది" అన్నాడు.

ఆ వారమంతా, దిగుడు రోడ్డు వచ్చిందంటే చాలు, బస్సు ఆపి చక్రం చూసేవాడు. పల్లంలో చక్రం ఊడితే మనుషులు మిగలరని ఆయన భయం. కండక్టరు నాతో నవ్వుతూ, "వదినా, అన్నకు ఆ చక్రం మీద మోజు పడిండాది. నీకంటే దాన్నే ఎక్కువ సూస్తాండాడు" అన్నాడు.

శుక్రవారం మొదలాళి షెడ్డుకొచ్చాడు. "ఏమప్పా, ముప్పై మంది కూసోనుంటే ఒకరికీ ఇనపడని సద్దు నీకొక్కడికే ఇనపడతాదా? రేపు దోవలో యాడన్నా బండి నిలబెడితే, తాళం ఆడనే ఇచ్చేసి దిగిపో."

మా ఆయనకు సగమే అందింది. నా ముఖం చూశాడు. సరే అనమని నేను సైగ చేస్తే తలాడించాడు.

శనివారం పొద్దున నేను అబద్ధం చెప్పాను. ఫ్యానుబెల్టుకు సబ్బుముక్క రుద్ది, ఆయన చెవి దగ్గరికి పోయి, "దొరికింది మామా. చక్రం కాదు, బెల్టు. సబ్బు పూసినాను, ఇంగ రాదు" అన్నాను. ఆ కీచు ఆయన చెవిలో హోరే అనుకున్నాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "నువ్వంటే సరే" అని సీటెక్కాడు.

బస్సు గేటు దాటింది. నేను గిన్నెలు తోముతున్నాను. అప్పుడు వినపడింది, ఖాళీ షెడ్డులో, కుడి వెనక చక్రం నిలిచే చోట. రెండుసార్లు పొడుగ్గా వచ్చింది. మూడోది సగంలో ఆగిపోయింది.

తలుపు బందులు చూశాను. బావి గిలక చూశాను. ఏదీ కదలడం లేదు. చింతకర్ర తెచ్చి నేలకు ఆనించి విన్నాను. కర్రలో ఏమీ లేదు. కర్ర తీస్తే వినపడింది. బొగ్గు తెచ్చిన ఆమెను నిలబెట్టి అడిగితే, "ఏమీ లేదు గదమ్మా. రొంత పండుకో, మొగం పీక్కపోయిండాది" అంది. మధ్యాహ్నంలోగా ఏడుసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఆ దిగుడు రోడ్డు కళ్ళ ముందుకు వచ్చింది. కబురు పంపడానికి దారి లేదు.

సాయంకాలం బస్సు క్షేమంగా వచ్చింది. ఆయన నవ్వుతూ దిగాడు. "గేటు దాటినంక ఒక్కసారన్నా రాలే. నీ చెవులే చెవులు మే" అన్నాడు. అన్నం వడ్డించాను. ఆయన తింటుండగా, నిలబడి ఉన్న బస్సులోంచి మళ్ళీ వచ్చింది. ఆయన తల ఎత్తలేదు.

తర్వాతి సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ బస్సును ఇంకో డ్రైవరు ఏళ్ళ తరబడి నడిపాడు. చక్రం ఊడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గది ఖాళీ చేశాక నాకు గాని ఆయనకు గాని ఆ కీచు మళ్ళీ వినపడలేదు. అదంతా అలసట వల్లే అనుకోవచ్చు. నేనూ అనుకుని చూశాను. కానీ బస్సు గేటు దాటే వేళకు ఆయన చెవిలోంచి నా చెవిలోకి అది ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు.

ఆ శనివారం మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బొగ్గు రాజేశాను, ఫ్యాను తిప్పాను. షెడ్డు బయట తిరుపతికి పోయే జనం మూటలతో కూర్చున్నారు. పుట్టువెంట్రుకలు తీయించాల్సిన బిడ్డ ఒకటి తల్లి ఒడిలో ఏడుస్తోంది. ఆ ఏడుపు మధ్యలో మళ్ళీ ఆ కీచు వినపడింది. మా ఆయన తాళం తీసుకుని వచ్చేలోగా, కడవెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో కుమ్మరించాను.

ఆవిరి చూసి పరుగెత్తుకొచ్చాడు. ఆయన చెవి దగ్గరికి పోయి, "సబ్బు మాట అబద్ధం మామా. ఇప్పుడు నాకు ఇనపడతాండాది" అన్నాను.

"యాడ?" అన్నాడు.

చూపించాను. ఆయన తాళం నా చేతిలో పెట్టాడు. నేనే తీసుకెళ్ళి మొదలాళి ఇంటి అరుగు మీద పెట్టి వచ్చాను.