అమెరికాకు కడక్ రొట్టెలు

ప్రపంచాన్ని బాగుచేయడానికి ఒక నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు, ఇరవై ఏళ్ళ వయసు ఉంటే చాలని నమ్మిన రోజులవి. ఆ రోజుల్లో నాకు ఆ మూడూ ఉండేవి. తుంగభద్ర కాలువ వచ్చి సింధనూరు వైపు జొన్నచేలన్నీ వరిమళ్ళు అవుతున్న కాలం. గోరేబాళ దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులో ఒంటిగది బడి ఒకటి ఉండేది. ఆ బడికి ఒక్కతే టీచరు, ఆ టీచరును నేనే. నేను రాయచూరు పట్నంలో పుట్టి పెరిగినదాన్ని. పుస్తకం కన్నడం, నా వివరణ రాయచూరు తెలుగు, పిల్లల జవాబు గోదావరి తెలుగు. నేను "గిట్ల రాయాలె" అంటే పిల్లలు పలక వెనక మొహం దాచుకుని నవ్వేవారు. (ఇళ్ళకు వెళ్ళి నన్ను అనుకరించేవారని తర్వాత తెలిసింది. వాళ్ళలో ఒకడైతే నాకంటే బాగా మాట్లాడేవాడట.)

ట్రైనింగు స్కూల్లో మాకు పెద్ద పెద్ద మాటలు నేర్పి పంపారు. ప్రపంచమంతా ఒక కుటుంబమనీ, నేలా నీరూ మన తర్వాతివాళ్ళవి కూడాననీ, దేశాల మధ్య న్యాయం ఉండాలనీ. అవన్నీ మొదటి నెలలోనే పిల్లలకు చెప్పేయాలని నా ఆత్రం. బోర్లించిన కుండ మీద సుద్దతో దేశాలు గీసి, "కాలువ నీళ్ళన్నీ మనమే వాడుకుంటే రేపటివాళ్ళ గతేంది?" అని గంభీరంగా అడిగాను. ముందు వరుసలోంచి ఒకడు లేచి, "రేపు మళ్ళీ వదుల్తారండీ, లష్కరు చెప్పాడు" అన్నాడు. (తూము తలుపులు ఎత్తి దించే లష్కరు మాటకు క్యాంపులో తిరుగులేదు.) ఆ పాఠం అక్కడితో ముగించాను.

దేశాల మధ్య న్యాయానికి మాత్రం చేతికందే ఉదాహరణ ఉంది. అప్పట్లో బడికి తగరపు డబ్బాల్లో అమెరికా పాలపొడి వచ్చేది. పొయ్యి మీద నీళ్ళు కాచి, అందులో పొడి కలిపి, మధ్యాహ్నం పిల్లలకు పోసేదాన్ని. రైతుల పిల్లలు ఇళ్ళల్లో గేదెలున్నవాళ్ళు, ఆ పాల వైపు కూడా చూసేవారు కాదు. తాగేదంతా దేవదుర్గ వైపు నుంచి నాట్లకూ కోతలకూ వలస వచ్చి, కాలువ గట్టున గుడిసెలు వేసుకున్న కూలీల పిల్లలే. తల వంచుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, చప్పుడు చేయకుండా తాగేవారు. వాళ్ళలో అందరూ పిచ్చుక అని పిలిచే చిన్నపిల్ల ఒకర్తి ఉండేది. సాయంత్రం తల్లి మడిలోంచి వచ్చేదాకా ఆ పిల్ల కడుపులో పడేది ఆ గ్లాసెడు పాలే. ఆ సంగతి తెలిసి కూడా ఒకరోజు ఆవేశంగా ఉపన్యాసం ఇచ్చాను. "ఒక దేశం ఎప్పుడూ ఇచ్చుకుంట, ఇంకో దేశం ఎప్పుడూ తీస్కుంట ఉంటే అది న్యాయం కాదు. తీస్కున్నోళ్ళు కూడా ఇయ్యాలె. అప్పుడే ఇద్దరూ సమానం" అన్నాను. చాలా బాగా చెప్పానని నాకే ముచ్చటేసింది.

మర్నాడు పిచ్చుక పాల వరుసలోకి రాలేదు. "అమ్మ వద్దన్నది" అని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాతి రోజూ అంతే. నోరు పిడచగట్టుకుపోయి ఉంది, కళ్ళు మాత్రం గిన్నె మీదే ఉన్నాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. సాయంత్రం గుడిసెకు వెళ్ళాను. వాళ్ళమ్మ మా రాయచూరు దగ్గరి మట్మారిలో పుట్టి దేవదుర్గ వైపు కాపురానికి వెళ్ళిన మనిషి. మా ఊరి మాట మాట్లాడుతుంది కనక మట్మారి అక్క అనేదాన్ని.

"నువ్వే చెప్పినవంట గదమ్మా, ఇయ్యకుంట తీస్కునుడు న్యాయం గాదని. ఇయ్యనీకి మా దగ్గర ఏమున్నది? అందుకే తాగొద్దన్న."

"అయ్యో అక్కా, నేను దేశాల సంగతి చెప్పిన."

"దేశమంటే మేం గాదా?" అంది ఆమె, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

దీనికి జవాబు ట్రైనింగు స్కూల్లో చెప్పలేదు. ఏడుపు మొహంతో ఇంటికి వచ్చాను. నేను అద్దెకున్నది క్యాంపుకంతటికీ పెద్దదిక్కయిన తణుకు అత్తయ్య ఇంట్లో. ఆమె అంతా విని, "ఆ డబ్బాలు ఏం చేస్తావమ్మాయ్?" అని అడిగింది. ఖాళీ అయ్యాక తుడిచి, పాలపొడి జీపులో తెచ్చే ఆఫీసు సారుకు అప్పగించాలనీ, అప్పగించకపోతే కొత్తవి ఇవ్వరనీ చెప్పాను.

"ఖాళీవా?"

"ఖాళీవే అత్తయ్యగారూ."

అత్తయ్య చేతిలో గరిటె కింద పెట్టేసింది. "హవ్వ! పక్కింటివాళ్ళు కాస్త కూర పంపిస్తేనే గిన్నె ఉత్తిది తిరిగి ఇవ్వమే! ఇన్నాళ్ళూ పాలు పుచ్చుకుని, ఖాళీ డబ్బా వాళ్ళ మొహాన కొడుతున్నావా? అమెరికావాళ్ళు ఏమనుకుంటారే మన గురించి?"

ఆ వారమంతా క్యాంపులో నూనె మూకుళ్ళు దిగలేదు. జంతికలు, అరిసెలు, చిన్న జాడీలో ఆవకాయ. (ఆవకాయ తిన్నాక అమెరికా పాలపొడి పంపడం మానేస్తుందేమోనని నా భయం నాకుంది.) డబ్బా నిండిపోయింది. సరిగ్గా అప్పుడు మట్మారి అక్క వచ్చి గుమ్మం బయటే నిలబడింది. చేతిలో గుడ్డమూట. విప్పితే కడక్ రొట్టెలు. జొన్నపిండితో పల్చగా తట్టి, కాల్చి, గలగలలాడేలా ఎండబెట్టినవి, ఎన్నాళ్ళున్నా చెడిపోవు. కూలి గింజల్లోంచి తీసి చేసిందని చూస్తేనే తెలుస్తోంది. డబ్బాలో చోటు లేదని చూసి మూట మళ్ళీ కట్టబోయింది. తణుకు అత్తయ్య అంతవరకూ గుడిసెలవాళ్ళతో పని చెప్పడానికి తప్ప మాట్లాడి ఎరుగదు. అలాంటిది తన జంతికలు తనే దోసిళ్ళతో బయటికి తీసేసింది. "పాలు తాగింది మీ పిల్ల, మావాళ్ళు కాదు. పైన ఉండాల్సింది మీవే. ఇలా లోపలికి రా, విరక్కుండా నువ్వే సర్దు" అంది. అరుగు మీద మిగిలిన జంతికలు పిల్లలందరూ కలిసి తిన్నారు.

జీపు సారు మూత తీసి గుడ్లు తేలేశాడు. "ఏందమ్మా ఇది? డబ్బా ఖాళీగ ఇయ్యమన్నం గద!"

"అమెరికావాళ్లకు సార్" అన్నాను, సాధ్యమైనంత చిన్న గొంతుతో.

"అమెరికాకు నేను పోతనా? హైదరాబాదే సరిగ్గ చూడలే నేను. మా పెద్దసారు చూస్తే నా నౌకరి పోతది. దింపు, దింపు!"

ఆడవాళ్ళు ఎవరూ కదల్లేదు. తణుకు అత్తయ్య జీపుకు అడ్డంగా నిలబడింది, ఆమె పక్కనే మట్మారి అక్క. "తీస్కపోరాదా సారూ. మీరు తీస్కపోకుంటే నా బిడ్డ పాలు తాగదు" అంది అక్క. సారు ఆమెనూ, ఆమె వెనక నక్కిన పిచ్చుకనూ చూశాడు. నెత్తి గోక్కున్నాడు. డబ్బా ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

సారు మళ్ళీ వచ్చేదాకా పిచ్చుక గోడ దగ్గరే కూర్చుంది. నా అన్నంలోంచి పెడితే తింటుంది, పాలు మాత్రం ముట్టదు. కొత్త డబ్బాలతో వచ్చిన సారు నన్ను పక్కకు పిలిచి, తల గోక్కుంటూ, "ఏం చెయ్యాలమ్మా, దారిల ఆకలైంది. నేను, డ్రైవరు, మా ఆఫీసోళ్ళు అందరం తిన్నం. ఆ రొట్టెలు ఆవకాయతోని... అబ్బా! మా ఇంటామె ఖాళీ గుడ్డ ఎట్ల పంపుతవని తిట్టింది" అని మూట చేతిలో పెట్టాడు. నిండా పల్లీలు. "అమెరికాలో కూడా వేరుశనక్కాయలు పండుతాయాండీ?" అన్నారు పిల్లలు. "పండుతయి" అన్నాను. అబద్ధమైతే కాదు.

మట్మారి అక్కకు మాత్రం నిజమే చెప్పాను. "వాళ్ళ దాకా పోలేదక్కా. మన ఆఫీసోళ్ళే తిన్నరు." ఆమె నన్ను చూసి, పల్లీలను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. "ఆకలైనోళ్ళే తిన్నరు గదమ్మా. మేము ఇచ్చినం. ఇంక పిల్ల తాగొచ్చు."

మర్నాడు వరుసలో అందరికంటే ముందు పిచ్చుక. ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, తలెత్తి సూటిగా నా కళ్ళల్లోకి చూసింది. "టీచరమ్మా, పాలల్ల అన్ని గడ్డలే ఉన్నయి. జర మంచిగ కలపరాదా?"

అక్కడ పాల గురించి నాతో పేచీ పెట్టిన మొదటి పిల్ల అదే. ఇప్పుడు ఆ పెద్ద మాటలన్నీ పాఠ్యపుస్తకాలకే ఎక్కాయి, నాకంటే బాగా చెప్పేవాళ్ళు వచ్చారు. సంతోషమే. నాకు మాత్రం ఆ పూట పొయ్యి దగ్గర నిలబడి, పొగ వంకతో కళ్ళు తుడుచుకుంటూ, ఒక్కొక్క గడ్డనూ గరిటెతో చిదుముతున్న ఆ ఇరవై ఏళ్ళ టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంతగా సంతోషపెట్టిన తిట్టు ఆమెను మళ్ళీ ఎవరూ తిట్టలేదు.