రెండక్షరాల గోడ

ఊళ్ళో పడవలన్నిటికీ పేర్లు రాసేది రంగులమ్మే. అసలు పేరు ఎప్పుడో రంగుల్లో కొట్టుకుపోయింది, కట్టుకున్న మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. ఆ మొగుడు సరంగు, మరపడవ నడుపుతాడు. మబ్బు చూసి గాలి చెబుతాడు, నీటి రంగు చూసి లోతు చెబుతాడు. అక్షరం చూపిస్తే మాత్రం తెల్లమొహం వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఆమె రాసిన పేర్లు సముద్రమంతా తిప్పాడు గానీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. రంగులమ్మకి ఉన్నది ఆ ఒక్క బెంగే.

ఈ ఏడు పట్టుబట్టి, పడవ చెక్కల మీద సుద్దముక్కతో దిద్దించి, రెండంటే రెండక్షరాలు నేర్పింది. రే, వు. ఆ రెండే ఎందుకంటారా? ఆయన నోట్లో పొద్దస్తమానం నలిగేది ఆ మాటే కదా! రేవుకి పోతున్నా, రేవులోనే ఉన్నా, రేవు కనబడింది బతికిపోయాం. పడవ కట్టేదీ, సరుకు దించేదీ, పోట్లాడుకునేదీ, మళ్ళీ కలిసిపోయేదీ అంతా ఆ రేవులోనే.

సరిగ్గా అప్పుడే, రేవులో సముద్రం వైపున్న గిడ్డంగి గోడ మీద, వచ్చే పడవలకి కనబడేలా పేరు రాసే పని ఆమెకి తగిలింది. రెండంతస్తుల గోడ! రంగులమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. తీరా రేవుకొచ్చిన కొత్త ఆఫీసరు చేతిలో పెట్టిన కాయితం మీద 'నౌకాశ్రయం' అని ఉంది.

"ఇదేంటి సార్?"

"అదే అసలైన మాటమ్మా. గౌరవంగా ఉంటుంది."

"గౌరవానికేం గానీ, మా ఆయన చదవలేడండి."

"మీ ఆయన కోసం గోడ రాయిస్తామా?"

రంగులమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "పోనీ మీరైనా చదవగలరా, నీళ్ళ మీంచి? నాలుగక్షరాలు పట్టాలా, నెత్తిన ఔత్వానికి చోటు కావాలా, కింద రావత్తుకి చోటు కావాలా! అన్నీ కుదించి కుదించి చీమల బారు చెయ్యాలి. అదే రేవు అని రాస్తే గోడంత అక్షరాలు పడతాయి."

"రేపటికల్లా మొదలుపెట్టకపోతే ప్రింటింగు షాపుకి ఇచ్చేస్తా."

ఆమె ఊరుకుంటుందా! ఆ మధ్యాహ్నమే తాళ్ళకి చెక్కపలక కట్టించుకుని, దాని మీద వేలాడుతూ, కాయితంలో ఉన్నది ఉన్నట్టు సున్నంతో రాసేసింది. పొద్దున్నే ఆఫీసరు ముందు నిలబడి, "పడవెక్కండి సార్. అక్కణ్ణుంచి చదివారా, నోరు మూసుకుని ఇదే రంగేస్తా" అంది.

ఆఫీసరు పంతానికి పోయి, కడుపునిండా టిఫిను చేసి మరీ ఎక్కాడు. అంతటితో ఆగాడా? వద్దంటున్నా వినకుండా పడవ ముక్కు మీదే కూర్చున్నాడు, బాగా కనబడుతుందని. అలలు ఎక్కువ ఎగరేసేది అక్కడే అని సరంగు చెప్పబోయాడు. రంగులమ్మ మొగుడి కాలు తొక్కింది.

గట్టు దాటారో లేదో ఆటుపోట్లన్నీ ఆఫీసరు కడుపులోకి చేరాయి. కళ్ళజోడు నిండా ఉప్పునీళ్ళు.

"సార్, గోడ చూడండి! ఏం రాసుంది?"

"తెల్లగా... ఏదో... గీత..."

పడవ లేచి ధబీమని పడింది. ఆఫీసరు రెండు చేతులతో అంచు వాటేసుకుని కేక పెట్టాడు. "బాబూ! రేవుకి తిప్పు! నీకు పుణ్యముంటుంది, రేవుకి తిప్పవయ్యా!"

"ఎక్కడికి సార్?" అన్నాడు సరంగు, మొహంలో నవ్వన్నది లేకుండా.

"రేవుకి! రేవుకి!"

రంగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని వలల గుట్ట మీద పడింది.

ఒడ్డున తాళ్ళ చుట్ట మీద కూలబడి, రెండు చెంబుల నీళ్ళు తాగాక, ఆఫీసరుకి మాట వచ్చింది. "రాసెయ్యమ్మా. కాయితం సంగతి నేను చూసుకుంటా." పాపం, మనిషి మంచివాడే.

మూడు రోజులు పట్టింది రంగెయ్యడానికి. నాలుగోనాడు పడవలు తిరిగొచ్చే వేళకి రంగులమ్మ గట్టు చివర నిలబడింది. దూరంగా సరంగు పడవ కనబడింది. ఇంజను మోతని మించి అతని గొంతు.

"రే..."

చుట్టుపక్కల పడవలవాళ్ళంతా తలలు తిప్పారు.

"...వు! రేవు! ఒసేయ్ రంగులమ్మా, రేవే! రేవు!"

గోడనే చూస్తూ, పదేపదే చదువుకుంటూ వచ్చి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తగిలించనివాడు, పడవని తిన్నగా గట్టుకి గుద్దేశాడు. ఆమె నిరుడు రాసిన పేరు సగం చెక్కుకుపోయింది.

"కళ్ళు కనబళ్ళేదా?" అని అరిచింది, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

"గుద్దితే గుద్దాన్లేవే. చదివానా, లేదా?"

"చదివావయ్యా" అంది రంగులమ్మ. "మళ్ళీ చదువు."