బాలి పిడికిట్లో సబ్బు

బూర్గంపాడు దాటాక మా తండాలో ద్వాలి అంటే అందరికీ తెలుసు. సబ్బుల ద్వాలి అంటే ఇంకా తొందరగా తెలుస్తుంది. మహిళా సంఘం ట్రైనింగ్‌లో నేర్చుకొచ్చి మొదట బట్టల సబ్బు చేసింది. అది మురికిని వదిలించేది, వేళ్ల మీది తోలునూ వదిలించేది. పక్కింటిదాన్ని కదా, మొహమాటానికి నేనూ కొన్నాను. దాంతో అంట్లు తోముకున్నాను.

ఒంటి సబ్బు మీదికి ఆమె మనసు మళ్లింది అత్త బాలి కోసమే. కిందటేడు పక్షవాతం వచ్చి బాలికి ఎడమ వైపు పడిపోయింది. అప్పటిదాకా అడవికి పోయి ఇప్పపువ్వు ఏరుకొచ్చిన మనిషి, కుర్చీలో కూర్చుని కోడలితో స్నానం చేయించుకోవాల్సి వచ్చింది. కొట్టు సబ్బు ఏది రుద్దినా ఒళ్లు మంటెత్తేది. మంట కన్నా సిగ్గు ఆమెను ఎక్కువ బాధపెట్టింది. కుడి చెయ్యి బాగానే ఉందిగా, తనే రుద్దుకుంటానని సబ్బు లాక్కునేది. అది జారి కింద పడేది, వంగి తీసుకోలేకపోయేది. చివరికి అసలు స్నానమే వద్దంది.

ఆ మాట ద్వాలికి గుచ్చుకుంది. ఒంటికి మెత్తగా, చేతికి గట్టిగా ఉండే సబ్బు చేసి తీరతానంది. కాస్టిక్ సోడా కొద్దిగా తగ్గించింది. అలా చేస్తే కొంత నూనె సబ్బుగా మారకుండా మిగులుతుందని, అదే ఒంటిని కాపాడుతుందని ట్రైనింగ్‌లో ప్రమీలారాణి మేడమ్ చెప్పారట. కొబ్బరినూనె తగ్గించి ఇప్పనూనె పెంచింది. మంట పోయింది. కానీ బాలి పిడికిలి బిగించగానే సబ్బు నలిగి వేళ్ల సందుల్లోంచి బయటికొచ్చింది. బాలి ఆ చెయ్యి చూసుకుని ఏడ్చింది. నాకు కోపమొచ్చి, ముసలామెను ఇంకెన్నిసార్లు ఏడిపిస్తావని ద్వాలిని అడిగేశాను.

ద్వాలి ఈసారి సోడా కలిపే నీళ్లు తగ్గించింది. కొబ్బరినూనె మళ్లీ కాస్త పెంచింది. బిళ్లలుగా కాకుండా పిడికిట్లో ఇమిడేలా సన్నగా, పొడుగ్గా కోసింది. వారం తిరక్కుండానే ఒకటి తెచ్చి అత్తకు చూపించింది. బాలి గోటితో నొక్కి చూసింది. ఇంట్లో లంబాడీయే మాట్లాడినా, విసుగొస్తే ఆమె నోట తెలుగొస్తుంది.

"పచ్చి ఇప్పపువ్వును గంపల దాస్తమా ఏంది? ఆరనియ్యి. నేనేడికి పోత?"

స్నానమే వద్దన్న మనిషి ఆగుతానంటోంది! ద్వాలి సబ్బులన్నీ గాలి తగిలేచోట చెక్క మీద పరిచి, నెలన్నర ఎవర్నీ ముట్టనివ్వలేదు. మొగుడు ధన్‌సింగ్ పాల్వంచలో డ్యూటీ దిగొచ్చి ఒకటి అడిగితే, అతని చేతి మీద కొట్టినంత పని చేసింది.

అవి ఆరిన రోజు నీళ్ల బకెట్ అందించడానికి నేనూ ఉన్నాను. బాలి మెడ రుద్దుకుంది, భుజం రుద్దుకుంది. సబ్బు జారలేదు, నలగలేదు. ద్వాలి అలవాటుగా అత్త లంగా బొందు విప్పబోతే బాలి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇగ నువ్వు బయటికి పో బిడ్డా. తలుపు దగ్గరికెయ్యి."

ద్వాలి నాతోపాటు బయటికొచ్చి, తలుపు దగ్గరికేసి నిలబడింది. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తున్నంతసేపూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అత్త బయటికి పొమ్మంటే అంత సంతోషపడ్డ కోడలిని నేనెక్కడా చూడలేదు.