బావకు నేను చెప్పని మాట

నా భర్తకు చుట్ట నేర్పింది ఆయన అన్న. కోయిలకుంట్ల దగ్గర మా నల్లరేగడి చేలో గుంటక తోలి అలసిపోయిన పదమూడేళ్ల తమ్ముడి నోట్లో తన చుట్టే పెట్టి, "పీల్చురా, ఆకలి తెలీదు" అన్నాడట. ఈ సంగతి నా భర్త నవ్వుతూ చెప్పేవాడు. యాభై అయిదో ఏట రక్తం కక్కుతున్నప్పుడు మాత్రం నవ్వలేదు.

కర్నూలు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తిలో క్యాన్సర్ బాగా ముదిరిందని డాక్టరు నాతో చెప్పాడు. మా బావ అప్పుడు బయట నిలబడి చుట్ట తాగుతున్నాడు. డాక్టరు కిటికీలోంచి ఆయన్ను చూశాడు.

"ఆయనకూ చిన్నప్పటి నుంచి అలవాటేనా?"

"అవునయ్యా. అరవై దాటినాయి. ఇంగ మానినా ఏం లాభం?"

"లాభం ఉందమ్మా. ఈ వయసులో మానినా ముప్పు ఏటేటా తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పోదనుకో. తాగుతూ పోతే మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నా మాటగా ఆయనకు చెప్పు."

నేను చెప్పలేదు.

నెల తిరక్కుండా నా భర్త పోయాడు. బావ వసారాలో కూర్చుని తమ్ముణ్ణి తలచుకుని ఏడ్చేవాడు, ఏడుస్తూనే చుట్ట వెలిగించేవాడు. నిప్పు కావాలంటే పొయ్యిలోంచి నేనే పటకారుతో తెచ్చి ఇచ్చేదాన్ని. ఎంత మర్యాద గల మరదలని ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. ఆయన దగ్గినప్పుడల్లా నేను చెవి ఒగ్గి వినేదాన్ని. ఆ దగ్గు ముదరాలని కోరుకున్నాను. అబద్ధమెందుకు, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ కోరుకున్నాను.

ఎనిమిది నెలలకు ఒక మధ్యాహ్నం ఆయనే పిలిచాడు.

"ఏమ్మా, శానా దినాల్నుంచి అడగాలనుకుంటాండా. ఆ డాక్టరు నా గురించి ఏమన్నా చెప్పినాడా?"

ఎదురుగా అడిగితే బొంకలేకపోయాను.

"చెప్పినాడు బావా. ఇప్పుడు మానినా మేలేనంట. మానమని చెప్పమన్యాడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పకపోతివే?"

"మీరు బతకడం నాకిష్టం లేకపోయె."

ఆయన "నీ కడుపుమంట నిజమేలేమ్మా" అని మాత్రం అన్నాడు. చేతిలో ఉన్న చుట్ట మళ్లీ ముట్టించలేదు.

ఆ తర్వాత రెండు నెలలు నరకం చూశాడు. చేతులు వణికేవి, అన్నం సయించేది కాదు, వాము నములుతూ వసారా ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేవాడు. అది చూస్తుంటే నా కడుపు చల్లబడింది. కానీ మెల్లగా దగ్గు తగ్గింది. మెట్టచేను దాకా ఆగకుండా నడవసాగాడు. తమ్ముడి వాటా కూడా తనే సేద్యం చేసి గింజలు మా ఇంటికి చేర్చేవాడు.

ఇంకా పద్నాలుగేళ్లు బతికి పక్షవాతంతో పోయాడు. ఊపిరితిత్తులకు ఏ జబ్బూ రాలేదు. శవం దగ్గర అందరితో పాటు నేనూ ఏడ్చాను. క్షమించానని మాత్రం ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పాలని ఈనాటికీ అనిపించలేదు.