చెత్తబుట్టలో భద్రం

"...తాళంచెవులు చెత్తబుట్టలో పెట్టుకోవాలని ఏ శాస్త్రంలో రాసుందో అది చెప్పండి ముందు!"

"దొంగల శాస్త్రంలో. దొంగన్నవాడు బీరువా చూస్తాడు, దిండు కింద చూస్తాడు, బియ్యం డబ్బా చూస్తాడు. చెత్తబుట్టలో చెయ్యి పెట్టే దొంగ ఇంతవరకూ పుట్టలేదు."

"దొంగ పెట్టకపోతే రాంపాల్ పెడతాడుగా! పొద్దున్నే బుట్ట గుమ్మరించుకుని పోయాడు. ఇప్పుడు కింద గది దేంతో తెరుస్తారు, మీ తలతోనా?"

మెట్లెక్కుతున్న మైథిలి సగంలో ఆగిపోయింది. వసంత్ కుంజ్‌లో బయల్దేరి, ధౌలా కువాన్‌లో బస్సు మారి, మే నెల ఎండలో జనక్‌పురి చేరేసరికి ఆమెకు మంచినీళ్ళు తప్ప మరో ఆశ లేదు. మొగుడూపెళ్ళాల గొడవ మధ్యలోకి వెళ్ళి మంచినీళ్ళు అడగడం ఎలాగా అని చూస్తుండగానే, కింద నుంచి చెత్త ఎత్తే రాంపాల్ పైకొచ్చాడు. రెండు వేళ్ళతో తాళంచెవుల గుత్తి పట్టుకుని ఉన్నాడు.

"అంకుల్‌జీ, ఆజ్ యే నిక్లా." ఇవాళ బుట్టలో ఇది దొరికిందట.

"చూశావా మాణిక్యం," అన్నారు వీరరాఘవులుగారు తాళాలు అందుకుంటూ. "ఎంత భద్రంగా ఉన్నాయో!"

వీరరాఘవులుగారి గురించి తెలుసుకోవలసింది ఒక్కటే. ఆయన విలువైనదల్లా చెత్తలో దాచుకుంటారు. కేంద్ర ప్రభుత్వంలో ఒక ఆఫీసు డిస్పాచ్ సెక్షన్లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అంతకాలం ఉత్తరాలు అందరికీ కనిపించేలా పంపి పంపి విసుగెత్తి, ఇలా కసి తీర్చుకుంటున్నారని మాణిక్యాంబగారి అనుమానం.

ఒకసారి విజయవాడకు రైలు టిక్కెట్లు బెండకాయ తొడిమల సంచిలో దాచారు. టీటీఈ వాటిని దూరంగా పట్టుకుని వాసన చూసి, "భిండీ?" అన్నాడట. "హాఁజీ, కన్ఫర్మ్డ్" అన్నారట ఈయన.

గ్యాసు పుస్తకాన్ని పాత పేపర్ల కట్టలో పెడితే అది కాస్తా పాతసామాన్లు కొనే కబాడీవాడి తక్కెడ ఎక్కింది. రాఘవులుగారు స్కూటరు మీద ఉత్తమ్‌నగర్ దాకా వెంటపడి కట్టకు కట్టా వెనక్కి తెచ్చుకున్నారు. అందులో పుస్తకంతో పాటు ఎవరిదో శుభలేఖ కూడా వచ్చింది. పెళ్ళి ఇంకా మూడు రోజులుంది. దంపతులిద్దరూ వెళ్ళి భోంచేసి వచ్చారు.

జనక్‌పురి తెలుగు మిత్రమండలికి ఆయన పదేళ్ళుగా కార్యదర్శి. మండలి రబ్బరు స్టాంపు తెగిన చెప్పుల అట్టపెట్టెలో ఉంటుంది. ఏదైనా కాగితం మీద ముద్ర కావాలంటే ముందు ముక్కు మూసుకోవాలి. ఢిల్లీకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు గది కావాలన్నా, హాస్టలు కావాలన్నా, జ్వరమొచ్చి గంజి కావాలన్నా మండలికి మెయిలు రాస్తారు. దాన్ని చదివేదీ, ఆ పని చేసిపెట్టేదీ ఆయనే.

ఆ మెయిలు కోసమే ఇవాళ మైథిలికి పిలుపు వచ్చింది. గుర్‌గావ్‌లో ఒక కంపెనీ కంప్యూటర్లకు రోగమొస్తే చూసే ఉద్యోగం ఆమెది. "సెర్చ్ పడిపోయిందమ్మా. కాస్త అర్జంటు. నువ్వొక్కదానివే రా," అన్నారాయన ఫోన్లో.

ఒక్కతే వచ్చింది గానీ, కింద గది తలుపు తీసేసరికి వెనకాలే ఇంకో ఇద్దరు లోపలికొచ్చారు. ఒకరు మండలి అధ్యక్షులు రామమూర్తిగారు. ఏ ఇంట్లో గిన్నె కిందపడినా ఆ చప్పుడుకి ముందుగా హాజరయ్యే మనిషి. ఉగాదికి ఆయన ఇచ్చే ఉపన్యాసం వినడానికి ఫరీదాబాద్ నుంచి కూడా జనం వస్తారు. అంత చక్కటి తెలుగు ఢిల్లీలో మరొకరు మాట్లాడలేరని పేరు. రెండో మనిషి శ్రుతి. ఆదోని పిల్ల. ధౌలా కువాన్ కాలేజీలో మొన్ననే డిగ్రీ పూర్తి చేసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నోయిడాలో ఉద్యోగం వచ్చిందక్కా," అంది మైథిలితో. "ఇంటర్ మార్కుల మెమో కావాలంటారు. నాది పోయినేడు వానలకి హాస్టల్ రూములో నీళ్ళొచ్చి ముద్దయిపోయింది. డూప్లికేటు రావాలంటే నలభై ఐదు రోజులంట. అంతదాంకా కాపీ చాలన్నారు గానీ, ఈ రోజు అయిదు లోపల మెయిల్ చెయ్యాల. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తారంట."

"కాపీ ఎక్కడుంది?"

"రెండేండ్ల కిందట సార్‌కి పంపినా. నా మెయిలేమో ముప్పై రోజులు తెరవలేదని ఆ మెయిల్ కంపెనీవాళ్ళే అంతా ఊడ్చేసినారు. ఇప్పుడు సార్ దగ్గర తప్ప యాడా లేదు."

"డిగ్రీలో చేరిన తర్వాత ఇంటర్ మార్కులు ఈయనకెందుకు పంపావమ్మా?" అన్నారు రామమూర్తిగారు.

శ్రుతి రాఘవులుగారి వైపు చూసింది.

"అధ్యక్షులవారు టీ తాగి రాకూడదూ?" అన్నారు రాఘవులుగారు.

"ఇంత ఎండలో టీ ఏమిటయ్యా!" అంటూ అధ్యక్షులవారు కుర్చీ మరికాస్త ముందుకు జరుపుకున్నారు.

మైథిలి మెయిలు తెరిచింది. వెతికే గడిలో శ్రుతి పేరు కొట్టింది. ఏమీ లేదు. ఉగాది అని కొట్టింది. ఏమీ లేదు. ఆఖరికి తెలుగు అని కొట్టింది. తెలుగు మిత్రమండలిలో తెలుగన్నదే లేదని తేల్చి చెప్పింది యంత్రం.

"మొన్న కరెంటు పోయిందా అంకుల్?"

"ఏ రోజు పోలేదో అడుగు, చెబుతా."

"అదే. ఏ మాట ఏ ఉత్తరంలో ఉందో ఇది ఒక పట్టిక రాసి పెట్టుకుంటుంది. కరెంటు పోయినప్పుడు ఆ పట్టిక చెడిపోయింది. మొత్తం మళ్ళీ రాయించాలి. రెండు మూడు గంటలు పడుతుంది."

పన్నెండుకు మొదలుపెట్టింది. ఒంటిగంటకు కరెంటు పోయింది. ఇన్వర్టరు పంకానైనా తిప్పుతుంది, కంప్యూటర్నైనా మోస్తుంది, రెండూ అంటే కూత పెడుతుంది. పంకా ఆపేశారు. రామమూర్తిగారు చెమటలు కక్కుతూ కూడా కదల్లేదు. ఆ రెండు గంటల్లో రాఘవులుగారు ఆయన్ని ఇంకో రెండుసార్లు టీకి పంపబోయారు, ఒకసారి లస్సీకి, ఒకసారి ఏకంగా ఇంటికి. శ్రుతి గోడ గడియారం కింద కూర్చుని దాన్నే చూస్తూ ఉంది.

మూడింటికి పట్టిక పూర్తయింది. మైథిలి ఉగాది అని కొట్టింది. పదకొండు ఉత్తరాలు టకటకా వచ్చాయి.

"శభాష్!" అన్నారు రామమూర్తిగారు.

శ్రుతి అని కొట్టింది. ఒక్కటీ లేదు. ఇంటర్ అని కొట్టింది. మెమో అని కొట్టింది. లేదు.

"సెర్చ్ బాగానే పనిచేస్తోంది. ఉత్తరమే లేదు," అని తీర్పిచ్చారు రామమూర్తిగారు. "ఈ పిల్ల పంపలేదేమో."

"పంపినా సార్! దేవుని తోడు!"

మైథిలి ఇన్‌బాక్సు చూసింది. పదేళ్ళ మండలికి ఉన్నవి నలభై ఉత్తరాలు, అన్నీ సభల ఆహ్వానాలు. అంతా అప్పుడే ఊడ్చి కళ్ళాపి చల్లిన వాకిలిలా ఉంది. కింద డిలీటెడ్ ఐటమ్స్ పక్కన మాత్రం పదకొండు వేల చిల్లర అంకె కనిపించింది.

"ఇంత చెత్త పెట్టుకుంటే ఏ మెషీన్ పరిగెడుతుందయ్యా?" అన్నారు రామమూర్తిగారు. "ముందు అది పారబొయ్యమ్మా, తర్వాత చూద్దాం."

మాట పద్ధతిగానే ఉంది. ఎవరి కంప్యూటరు మొరాయించినా మైథిలి మొదట చేసే పని చెత్త ఖాళీ చెయ్యడమే. చెయ్యి అలవాటుగా అటు వెళ్ళింది. ఇవన్నీ శాశ్వతంగా తీసెయ్యమంటారా అని అడిగింది యంత్రం. ఆమె వేలు అవునన్న గడి మీద ఉంది.

"ఆగు!"

అరవై ఆరేళ్ళ మనిషి అంత దూరం దూకగలరని ఆ గదిలో ఎవరూ అనుకోలేదు. మౌసు మైథిలి చేతిలోంచి ఎగిరిపోయింది. చూస్తే రాఘవులుగారి చేతిలో తోకతో సహా వేలాడుతోంది, పట్టుబడిన అసలు ఎలుకలాగే.

"మాణిక్యం!" అని పైకి కేకపెట్టారు. "అధ్యక్షులవారికి మిరపకాయ బజ్జీలు వెయ్యి! అమ్మాయీ శ్రుతీ, నువ్వు వెళ్ళి శనగపిండి కలుపు."

టీకీ, లస్సీకీ లొంగని అధ్యక్షులవారు బజ్జీ అన్న మాటకు లేచారు.

తలుపు దగ్గరగా వేసి వచ్చి, రాఘవులుగారు మౌసును బల్ల మీద పెట్టారు.

"అన్నీ అందులోనే ఉన్నాయమ్మా."

"చెత్తబుట్టలోనా?"

"ఇంకెక్కడ పెడతాను?"

పొద్దున మెట్ల మీద విన్నది అప్పుడు గుర్తొచ్చి మైథిలి నుదురు కొట్టుకుంది. తాళంచెవులు, బెండకాయ తొడిమలు, తెగిన చెప్పుల పెట్టె. ఇంత తెలిసీ, మూడు గంటలుగా ఆ ఒక్క చోటే వెతకలేదు.

"సెర్చ్ చెత్తబుట్టలో చెయ్యి పెట్టదంకుల్. మనం చెబితే తప్ప."

"అది తెలిసే పెట్టాను. ఇదివరకు అన్నీ పైనే ఉండేవి. నాలుగేళ్ళ కిందట ఎవరో ఇక్కడ కూర్చుని ఏదో అడ్రసు కోసం పేరు కొడితే, ఒక కుర్రాడు నాకు రాసుకున్న ఉత్తరం పైకొచ్చింది. పరీక్ష పోయిందనీ, ఇంట్లో చెప్పలేదనీ. పదిమంది చదివారు. ఆ అబ్బాయి మళ్ళీ ఈ గడప తొక్కలేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రాత్రి నేనే బుట్టలో వెతికాను. కిందికి జరిపేకొద్దీ కంప్యూటరు బిగుసుకుపోతోంది. అందుకే నిన్నొక్కదాన్నే రమ్మన్నాను."

"మరి వాళ్ళముందు ఆ మాట చెప్పొచ్చు కదా!"

"చెబితే బుట్ట తెరవమంటాడు రామమూర్తి."

మైథిలి మౌసు తగిలించింది. ఆప్షన్లలో అట్టడుగున ఒక చిన్న గడి. చెత్తబుట్టలో కూడా వెతకాలా? టిక్కు పెట్టింది. సెర్చ్ బాగైందో లేదో చూడ్డానికి ఏ మనిషైనా మొదట తన పేరే కొడతాడు. ఆమె కూడా తన పేరే కొట్టింది.

రెండువేల అయిదు, నవంబరు. ఆమె ఉత్తరమే. మొదటి ఉద్యోగంలో మూడు నెలలకే పొమ్మంటే, గదిలో అమ్మాయిలకు తెలియకుండా రోజూ ఆఫీసు సంచి తగిలించుకుని వెళ్ళి పార్కులో కూర్చున్న పదకొండు రోజులు. కింద ఆఖరి వరుస: 'అంకుల్, దయచేసి ఎవరికీ చెప్పకండి.' వారానికల్లా ఆయన చూపించిన ఉద్యోగమే ఇప్పటిది. జీతం ఎక్కువిస్తామన్నారని మారానని ఊళ్ళో అమ్మ దగ్గర్నుంచి అందరూ నమ్ముతున్నారు. తనకూ దాదాపు అదే నిజమనిపించేటంతగా మరిచిపోయింది.

రాఘవులుగారు కిటికీలోంచి వీధిలోని ఐస్‌క్రీం బండిని శ్రద్ధగా చూస్తున్నారు.

ఆమె ఆ పేరు చెరిపి, శ్రుతి అని కొట్టింది. దొరికింది. 'సార్, నేను ఇంగ్లీషులో ఫెయిలైనాను. ఎవురికీ తెలియకుండా చెప్పే టీచరు ఉంటే చూడండి. నేను మొద్దు కాదు సార్, నమ్మకపోతే ఇంటర్ మార్కులు చూడండి.' కింద మెమో, స్కాను కాస్త వంకరగా. తొమ్మిది వందల ముప్ఫై ఒకటి.

బుట్టలో ఆ ఉత్తరం ఉన్న చోటు తెరిస్తే, దానికి పై వరుసలో రామమూర్తిగారిది ఒకటి కనిపించింది. చదవకూడదనుకునే లోపే కన్ను చదివేసింది: 'ఉగాది ఉపన్యాసం. ఎప్పటిలాగే మీరే రాసిపెట్టాలి. మూడో కంటికి తెలియరాదు.'

మెమో ఒక్కదాన్నే వేరు చేసి నోయిడాకు పంపింది. టైము మూడూ యాభై. నాలుగుంపావుకి జవాబొచ్చింది: అందింది, సోమవారం వచ్చి చేరండి. రాఘవులుగారు పైకి చూసి కేక పెట్టారు. శ్రుతి శనగపిండి చేతులతోనే నాలుగేసి మెట్లు దూకి వచ్చి, ఆ జవాబు మూడుసార్లు చదివి, ఆ చేతులతోనే మైథిలిని కావలించుకుంది. చుడీదారు పాడైంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ పిల్ల ఇంట్లోవాళ్ళకు ఫోన్ చెయ్యడానికి వీధిలోకి పరిగెత్తింది.

మైథిలి మొత్తం ఉత్తరాలకు సీడీల మీద కాపీ తీసి ఇచ్చింది. రాఘవులుగారు వాటిని అందుకుని గది నాలుగు మూలలా చూశారు. చూపు చెప్పుల అట్టపెట్టె దగ్గర ఆగింది.

"అంకుల్, సీడీల మీద గీతలు పడతాయి."

"గుడ్డలో చుట్టి పెడతాలేమ్మా."

మెట్ల మీద బరువుగా చెప్పుల చప్పుడు. మైథిలి గబగబా ఆప్షన్లలోకి వెళ్ళి చిన్న గడిలో టిక్కు తీసేసింది.

రామమూర్తిగారు చేతిలో బజ్జీతో లోపలికొచ్చారు. "దొరికిందటగా! సెర్చ్ బాగైందన్నమాట. ఇక ఎవరికేం కావాలన్నా రాఘవులు కోసం పడిగాపులు పడక్కర్లేదు, ఎవరికి వారే వచ్చి చూసుకోవచ్చు. ఏదీ, నా పేరు కొట్టమ్మా."

రాఘవులుగారు దగ్గారు. మైథిలి రామమూర్తి అని కొట్టింది. ఒక్కటీ రాలేదు.

"ఎనిమిదేళ్ళుగా అధ్యక్షుణ్ణి! నా ఉత్తరం ఒక్కటైనా లేదా?" ఆ గొంతులో కోపం ఎంతుందో, కాస్త ఆలస్యంగా వచ్చిన నిశ్చింత కూడా అంతే ఉంది. బజ్జీ కొరికారు. "మరి దీన్నెప్పుడు పూర్తిగా బాగుచేస్తావు?"

మైథిలి కంప్యూటరు కట్టేసి, సంచి భుజాన వేసుకుంది.

"ఈ సెర్చ్ ఇంతకంటే బాగుపడదండీ. ఇకమీదట ఎవరికే ఉత్తరం కావాలన్నా రాఘవులు అంకుల్నే అడగాలి."